పాత రాక్ పాటలకు పాత తరహా డ్రమ్స్ కావాలా? తిరుపతిలో నా అనుభవం

తిరుపతిలో డ్రమ్స్ వాయించేవారికి పని ప్రధానంగా పెళ్ళి రిసెప్షన్లలోను, వినాయక చవితి పందిళ్ళలోను, కళాశాలల వార్షికోత్సవాలలోను దొరుకుతుంది. ఆ వేదికల మీద వినిపించేవి సినిమా పాటలే కాబట్టి చాలా ఆర్కెస్ట్రాలు డ్రమ్స్ కిట్‌ను మోసుకురావడం మానేసి, స్టాండు మీద ఒక ఆక్టాప్యాడ్ (పుల్లలతో కొడితే రకరకాల డ్రమ్ముల శబ్దాలు పలికే ఎలక్ట్రానిక్ పలక) పెట్టుకుని, పాటకు తగ్గ శబ్దాన్ని అందులోంచి తీసుకుంటూ కార్యక్రమం నడిపిస్తున్నాయి. నేను రెండూ వాయిస్తాను. ప్యాడ్స్‌ను తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు, మా ఇంటి అద్దె చాలావరకు వాటి మీదే గడుస్తోంది. అయితే 1960, 70 దశకాల ఇంగ్లీషు రాక్ పాటలు మాత్రమే వాయించే కార్యక్రమం ఒకటి ఒప్పుకున్నప్పుడు, ఏ కిట్ మీద వాయించాలన్న ప్రశ్న నాకు మొదటిసారి గట్టిగా ఎదురైంది.

ఆ కార్యక్రమం ఏర్పాటు చేసినవారు డెబ్బైలలో ఎస్వీ యూనివర్సిటీలో చదువుకుని, అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసిన పెద్దాయన. ఆయన మా పాటల జాబితా చూసి, గాయకుడి గురించి గాని గిటార్ గురించి గాని ఏమీ అడగకుండా నావైపు తిరిగి, “పాటలు ఎవరైనా వాయిస్తారు నాయనా, ఆ డ్రమ్ముల మోత ఎక్కడినుంచి తెస్తావు?” అన్నారు. ఈ మాట మా బ్యాండులో పెద్ద చర్చకే దారి తీసింది. కీబోర్డు వాయించే కుర్రాడు ఆ కాలపు డ్రమ్స్ శాంపిల్స్ (ముందే రికార్డు చేసిన శబ్దాలు) ప్యాడ్‌లో వేసుకుంటే సరిపోతుందన్నాడు. బేస్ గిటార్ వాయించే ఆయన “జనానికేం తెలస్తాదన్నా, బీటు తప్పకుంటే చాలు” అని తేల్చేశాడు. పాత పాటల కోసం పాతకాలపు గాజు వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్ కొనుక్కున్న మా గిటారిస్టు మాత్రం, తన వాద్యానికి పాత నాదం కావాలని వెదికినప్పుడు నవ్వనివాళ్ళు డ్రమ్స్ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు తేలిగ్గా తీసుకుంటున్నారని నిలదీశాడు. నాకు అతని మాటలో న్యాయం కనిపించింది.

ఇక్కడ రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోతున్నాయి. ఒకటి కిట్ చూడడానికి పాతదిగా ఉండడం, రెండోది పాతదిలా మోగడం. కిట్ ఎలా కనిపిస్తుందన్నది నేను పెద్దగా పట్టించుకోలేదు. నిజానికి కనిపించే తీరును పూర్తిగా కొట్టిపారేయడమూ సరికాదు. 1963లో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ లండన్‌లోని డ్రమ్ సిటీ అనే దుకాణంలో లడ్విగ్ కిట్‌ను ఎంచుకోవడానికి దాని నలుపు ముత్యపు చిప్ప రంగు ఒక ముఖ్య కారణం. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టీవీలో వచ్చిన ఎడ్ సల్లివన్ షోలో బీటిల్స్‌ను సుమారు 7 కోట్ల 30 లక్షల మంది టెలివిజన్‌లో చూసిన తరువాత లడ్విగ్ కంపెనీకి ఆర్డర్లు పోటెత్తాయి. అవి కళ్ళతో చూసి పెట్టిన ఆర్డర్లే. ఒక బ్యాండు వేషధారణతో సహా బీటిల్స్‌లా కనిపిస్తామని చెప్పి టికెట్ అమ్మితే ఆ రంగు కూడా వాళ్ళ బాధ్యతే అవుతుంది. మేము అలా చెప్పలేదు కాబట్టి నేను శబ్దం సంగతే చూసుకున్నాను.

ఆ కాలపు కిట్లలో ఇప్పటివాటికంటే భిన్నంగా ఏమేమి ఉండేవో ముందుగా తెలుసుకోవాలి. మొదటి తేడా ముక్కల సంఖ్య. రింగోకు గాని, రోలింగ్ స్టోన్స్‌లో వాయించిన చార్లీ వాట్స్‌కు గాని పాదంతో వాయించే పెద్ద బేస్ డ్రమ్, చురుకైన శబ్దమిచ్చే స్నేర్, పైన ఒక టామ్ (మధ్యస్థాయి డ్రమ్ము), పక్కన నేల మీద నిలిచే ఒక ఫ్లోర్ టామ్ ఉండేవి, అంతే. రెండోది చెక్క. అప్పటి లడ్విగ్ డ్రమ్ముల గోడలు మూడు పొరల పలుచని చెక్కతో, లోపల అంచుల దగ్గర బలానికి వేసిన చుట్టుపట్టీలతో ఉండేవి. స్కిన్ (డ్రమ్ము మీద బిగించే పొర) ఆనుకునే అంచును గుండ్రంగా మలిచేవారు. ఇప్పటి డ్రమ్ములలో ఆ అంచు 45 డిగ్రీల కోణంలో పదునుగా ఉంటుంది, స్కిన్ సన్నని గీత మీద మాత్రమే ఆనుతుంది, దెబ్బ స్పష్టంగా వినిపించి నాదం ఎక్కువసేపు సాగుతుంది. గుండ్రని అంచు మీద స్కిన్ ఎక్కువ వెడల్పున ఆనుతుంది కాబట్టి నాదం త్వరగా తగ్గి, చెక్క శబ్దం ముందుకు వస్తుంది. మూడోది బేస్ డ్రమ్ లోతు. అప్పట్లో 14 అంగుళాలు మామూలు, ఇప్పుడు 18, 20 అంగుళాల లోతువి కూడా సాధారణం. నాలుగోది స్కిన్లు, నా అనుభవంలో అన్నింటికంటే ముఖ్యమైనవి అవే.

పాత తరహా అనగానే తోలు స్కిన్లు వాడాలని కొందరు సలహా ఇస్తారు. అమెరికాలో ప్లాస్టిక్ స్కిన్లు 1950ల చివరలోనే మార్కెట్లోకి వచ్చేశాయి, మనం క్లాసిక్ రాక్ అని పిలుచుకునే సంగీతంలో అత్యధిక భాగం ప్లాస్టిక్ మీద వాయించినదే. గాలిలో తేమ పెరిగితే తోలు వదులవుతుందని, ఎండకు బిగుసుకుంటుందని మన ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు, గంగమ్మ జాతరలో పలకలు కొట్టేవాళ్ళు మధ్యమధ్యలో వాటిని మంట దగ్గర కాచుకోవడం మనం చూసేదే. కాబట్టి తోలు జోలికి పోకుండా, ఆ కాలంలో ఎక్కువమంది వాడిన పైపూత ఉన్న తెల్లని ప్లాస్టిక్ స్కిన్లు తెచ్చుకోవాలని నిర్ణయించుకున్నాను.

వాటి కోసం ఎలాగూ చెన్నై వెళ్ళాలి కాబట్టి, వడపళనిలో ఉంటున్న ఒక పెద్ద విద్వాంసుడిని కూడా కలిశాను. కోడంబాకం స్టూడియోలలో తెలుగు, తమిళ సినిమా పాటలకు దశాబ్దాల పాటు వాయించిన ఆయన దగ్గర అరవైలనాటి లడ్విగ్ కిట్ ఒకటి ఇప్పటికీ వాయించే స్థితిలో ఉంది. ఆయన నన్ను కూర్చోబెట్టి, “నీ ఊళ్ళో కొట్టినట్టు కొట్టొద్దు బాబూ, ముందు ఊరికే తాకి చూడు” అన్నారు. స్నేర్ మీద మెల్లగా తాకినా నాదం పూర్తిగా పలికింది, అదే బలంగా కొట్టినప్పుడు శబ్దం పెరగడానికి బదులు నొక్కుకుపోయినట్టు వినిపించింది. నా కిట్ దీనికి విరుద్ధంగా ఎంత కొడితే అంత ఇస్తుంది. ఆ మధ్యాహ్నం నాకు అర్థమైన సంగతి ఇది: పాత డ్రమ్ము తనకు నచ్చిన దెబ్బ బరువును వాయించేవాడి చేతికి నేర్పిస్తుంది, ఆ బరువులోనే అప్పటి పాటల నడక ఉంది. అలాంటి కిట్ కొనాలంటే మన దేశంలో దొరకడమే అరుదు, విదేశం నుంచి తెప్పిస్తే సుంకంతో కలిపి నా తాహతుకు మించిన ఖర్చు. కాబట్టి ఉన్న కిట్‌ను ఆ దిశగా ఎంతవరకు మలచగలనో చూడాలనుకుని తిరుగు రైలెక్కాను.

నాది యమహా స్టేజ్ కస్టమ్, బర్చ్ చెక్క కిట్. బేస్ డ్రమ్ 22 అంగుళాల వ్యాసం, 17 అంగుళాల లోతు, టామ్‌లు 10, 12, 16 అంగుళాలవి. మొట్టమొదట 10 అంగుళాల టామ్‌ను తీసి అటక మీద పెట్టాను. మిగిలిన 12, 16, 22 కొలతలు చార్లీ వాట్స్ దశాబ్దాల పాటు వాయించిన 1957నాటి గ్రెచ్ కిట్ వ్యాసాలతో సరిపోవడం నాకు కొంత ధైర్యాన్నిచ్చింది. ఒక టామ్ పోవడం చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, వాయించే పద్ధతినే అది మార్చేసింది. పాటలో మలుపు దగ్గర పైనుంచి కిందికి మూడు టామ్‌ల మీదుగా దొర్లించుకుంటూ రావడం నా చేతులకు బాగా అలవాటు. ఆ మెట్లలో ఒకటి లేకపోయేసరికి స్నేర్ మీదే ఎక్కువసేపు నిలిచి, లయలో ఖాళీలు వదలి, ఫ్లోర్ టామ్‌ను చివరి మాటగా వాడవలసి వచ్చింది. రికార్డులలో వినిపించే విరుపులు అవే. ఎడమచేతి వాటమున్న రింగో కుడిచేతివాళ్ళ కిట్ మీద కూర్చుని వాయించడం వల్ల అతని విరుపులకు ఒక ప్రత్యేకమైన తడబాటు లాంటి అందం వచ్చిందని అంటారు. అది నాకు చేతకాలేదు, ప్రయత్నించనూ లేదు.

తరువాత స్కిన్లు మార్చాను. అంతకుముందు టామ్‌ల మీద ఉన్నవి రెండు పొరల పారదర్శకమైన స్కిన్లు, వాటి మీద జెల్ ముక్కలు కూడా అంటించి ఉండేవి. వాటిని తీసేసి 10 మిల్ (అంగుళంలో వందో వంతు) మందం ఉన్న ఒకే పొర పూత స్కిన్లు వేశాను. శ్రుతి చేయడంలో నేను ఎక్కువ సమయం గడిపింది కింది స్కిన్‌తోనే. పై స్కిన్, కింది స్కిన్ ఒకే స్థాయిలో ఉంటే నాదం చాలాసేపు సాగుతుంది, కింది దాన్ని కొంచెం పైకి బిగిస్తే నాదం గుండ్రంగా పలికి త్వరగా ముగుస్తుంది. ప్రతి బోల్టు దగ్గర వేలితో తట్టి వింటూ, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా తిప్పుతూ పోవాలి, దీనికి ఓపిక తప్ప మరో మార్గం లేదు. ఇప్పటి పద్ధతిలో టామ్‌లను వీలైనంత కిందికి వదులు చేసి ‘ధబ్’ మనిపిస్తాం. అప్పటి రికార్డులు జాగ్రత్తగా వింటే చాలా డ్రమ్ములు మనం అనుకునేదానికంటే పై శ్రుతిలో ఉంటాయి. లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్ములు భారీగా వినిపిస్తాయి కాబట్టి అవి వదులుగా ఉండేవని చాలామంది నమ్ముతారు. ఆ భారం వాటి పెద్ద కొలతల నుంచి వచ్చినదే గాని, అతను వాటిని బిగుతుగానే ఉంచేవాడు.

అసలు కష్టం బేస్ డ్రమ్ దగ్గర ఎదురైంది. మన దగ్గర దాదాపు ప్రతి బేస్ డ్రమ్ లోపల ఒక దిండో దుప్పటో ఉంటుంది, ముందు స్కిన్‌కు మైకు దూర్చడానికి రంధ్రం ఉంటుంది. నేను దుప్పటి తీసేసి, రంధ్రం లేని ముందు స్కిన్ బిగించి, పాత పద్ధతిలో వెనుక స్కిన్ కింద అడ్డంగా ఒక ఫెల్ట్ పట్టీ మాత్రం వేశాను. మొదటిసారి పెడల్ తొక్కగానే పాదం వెనక్కి తన్నుకొచ్చింది. లోపలి గాలికి బయటికి పోయే దారి లేకపోవడంతో స్కిన్ బీటర్‌ను (పెడల్‌కు ఉండే సుత్తిని) తిరిగి విసురుతుంది. బీటర్‌ను స్కిన్‌కు అదిమిపెట్టి ఉంచే అలవాటున్న నాకు, కొట్టిన వెంటనే దాన్ని వదలడం నేర్చుకోవడానికి ఈ ప్రక్రియ మొత్తంలో అన్నిటికంటే ఎక్కువ సాధన అవసరమైంది. వదలడం వచ్చాక మాత్రం ఆ డ్రమ్ము దెబ్బతో ఆగిపోకుండా ఒక స్వరంలా పలికింది. మా రిహార్సల్ గదిలో అది వినగానే బేస్ గిటారిస్టు, “ఏమన్నా, దుప్పటి పీకేస్తివా? డబ్బా మాదిరి మోగతా ఉండాదే” అన్నాడు. ఒంటరిగా విన్నప్పుడు అతను చెప్పింది నిజమే. గిటార్లు రెండూ కలిసి మోగడం మొదలవగానే ఆ అదనపు మోత వాటిలో కలిసిపోయి, డ్రమ్ము దెబ్బకు చుట్టూ కొంత కండ మాత్రం మిగిలింది. కిట్ ఒంటరిగా ఎలా మోగుతుందన్నదాన్ని బట్టి తీర్పు చెప్పకూడదని అతనూ ఆ రోజు ఒప్పుకున్నాడు.

సింబల్స్ (కిట్‌లోని లోహపు తాళాలు) విషయంలో నాకు పెద్దగా ఎంపిక లేదు. నా దగ్గరున్న వాటిలో పలుచనివి రెండే ఉంచి, మందపాటి క్రాష్ సింబల్స్‌ను పక్కన పెట్టి, అన్నింటినీ కిందికి, చదునుగా దించాను. హై-హ్యాట్ (పాదంతో మూసి తెరిచే జంట సింబల్స్) దగ్గర మాత్రం చార్లీ వాట్స్ అలవాటును అభ్యాసం చేశాను. స్నేర్ మీద దెబ్బ పడే క్షణంలో ఆయన కుడిచేయి హై-హ్యాట్‌ను కొట్టకుండా పైకి లేచేది. ఆ చిన్న ఖాళీ వల్ల స్నేర్ ఒక్కటే విడిగా వినిపిస్తుంది. ఏ కాలపు కిట్ మీదనైనా ఇది చేయవచ్చు, ఖర్చు లేని పాత తరహాలలో ఇదొకటి.

పాటలవారీగా వాయించి చూసుకున్నప్పుడు ఫలితాలు ఒకేలా లేవు. బీటిల్స్ తొలి కాలపు పాటలు, స్టోన్స్ పాటలు ఈ మార్పులతో వెంటనే కుదురుకున్నాయి. బీటిల్స్ చివరి సంవత్సరాల పాటలకు అదే మోత అడ్డు వచ్చింది. ఆ రోజుల్లో రింగో డ్రమ్ముల మీద టీ టవళ్ళు కప్పి వాయించేవాడు కాబట్టి నేనూ ఆ పాటలకు పలుచని తువ్వాళ్ళు పరుచుకున్నాను. తిరుపతిలో వాటికి కొరత లేదు. పింక్ ఫ్లాయిడ్ పాటలు నెమ్మదిగా నడుస్తాయి కాబట్టి టామ్‌లు స్వేచ్ఛగా మోగడం వాటికి మేలే చేసింది.

లెడ్ జెప్లిన్ దగ్గర మాత్రం నా పప్పులు ఉడకలేదు. బోనమ్ వాయించిన బేస్ డ్రమ్ 26 అంగుళాలది, అది కదిలించేంత గాలిని కదిలించడం 22 అంగుళాల డ్రమ్ముకు సాధ్యం కాదు. కొలత ఒక్కటే సమస్య అనుకుంటే పొరపాటే. 1971లో వచ్చిన వారి నాలుగో ఆల్బమ్‌లోని చివరి పాట ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ డ్రమ్స్‌ను ఇంగ్లండ్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనపు మెట్ల హాలులో పెట్టి, పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీసి రికార్డు చేశారు. ఆ మైకులకు అందిన శబ్దంలో భవనం ఎత్తు, దాని గోడలు కూడా ఉన్నాయి. అచ్చం అదే కిట్ తెచ్చి తక్కువ ఎత్తు పైకప్పు ఉన్న హాలులో పెడితే ఆ నాదం రాదు. మేము ఆ పాటను రెండు మూడు రకాలుగా ప్రయత్నించి, చివరికి జెప్లిన్ పాటలన్నీ జాబితాలోంచి తీసేశాం. ప్యాడ్‌లో ఆ శబ్దం వేసుకుందామని కీబోర్డు కుర్రాడు మళ్ళీ గుర్తు చేశాడు. శాంపిల్ ప్రతిసారీ ఒకేలా పలుకుతుంది, బోనమ్ కుడిపాదం వేగంగా వేసే దెబ్బలలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ కారణంగా నేను ఒప్పుకోలేదు.

కార్యక్రమం ఒక కళాశాల హాలులో జరిగింది. సౌండ్ సిస్టం తెచ్చిన యువకుడు బేస్ డ్రమ్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, “మైకు యాడ పెట్టేది సార్, ముందర బొక్కే లేదే?” అన్నాడు. అతని ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. మైకు డ్రమ్ము లోపల ఉంటే బీటర్ దెబ్బ స్పష్టంగా పట్టుబడుతుంది, పక్క వాద్యాలు అందులో పడవు. బయట పెడితే దెబ్బ మెత్తబడుతుంది, వేదిక మీద ఉన్నవన్నీ దానిలోకి వస్తాయి. ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతి గురించి అతనికి చెప్పాను. డ్రమ్స్ పైన ఒక మైకు, ఫ్లోర్ టామ్ పక్కన ఒక మైకు పెట్టి, ఆ రెండూ స్నేర్ మధ్యభాగం నుంచి సమాన దూరంలో ఉండేలా తాడుతో కొలుస్తారు. దూరాలు సమానంగా ఉంటే స్నేర్ శబ్దం రెండింటికీ ఒకే క్షణంలో చేరి పలచబడకుండా ఉంటుంది. బేస్ డ్రమ్‌కు, స్నేర్‌కు చెరొక మైకు దగ్గరగా పెడతారు. మేము అలాగే నాలుగు మైకులతో మొదలుపెట్టాం. సౌండ్ చెక్‌లో హాలు ఖాళీగా ఉన్నప్పుడు అద్భుతంగా ఉంది. గాయకుడి మానిటర్ (తన గొంతు తనకు వినిపించే స్పీకర్) పెంచగానే పై మైకుల్లోకి అతని గొంతు దూరి కూత మొదలైంది. అప్పుడు పై మైకులను బాగా తగ్గించి, టామ్‌లకు కూడా ఒక్కొక్క మైకు పెట్టవలసి వచ్చింది. నేను పట్టుబట్టింది ఒక్కటే, టామ్ మైకులకు గేట్ (శబ్దం తగ్గగానే మైకును మూసేసే పరికరం) వేయవద్దని. గేట్ వేస్తే నాదం తోక తెగిపోతుంది, అంత శ్రమపడి చేసిన శ్రుతికి అర్థం ఉండదు. అతను మొదట సందేహించినా, వేయకుండానే కార్యక్రమం పూర్తి చేశాడు.

పాత రోజులలో ఈ సమస్య మరోలా ఉండేది. 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో 55 వేల మందికి పైగా శ్రోతల ముందు బీటిల్స్ వాయించినప్పుడు, కేకల మధ్య తమ వాద్యాలు తమకే వినిపించలేదు. అప్పటి కిట్‌తో వేదిక మీద వాయించినవాళ్ళకు మనం రికార్డులలో వినే నాదం దక్కలేదన్నమాట. పాత తరహా కిట్ తెస్తే పాత కచేరీ శబ్దం వస్తుందని అనుకునేవారు దీన్ని గమనించాలి. మనం వెంటపడుతున్నది స్టూడియోలో పుట్టిన శబ్దాన్ని.

కార్యక్రమం అయ్యాక పెద్దాయన వేదిక దగ్గరికి వచ్చి, స్టోన్స్ పాటలలో స్నేర్ బాగుందని, ఫ్లాయిడ్ పాట వింటూ ఉంటే హాస్టల్లో రికార్డు ప్లేయర్ గుర్తుకొచ్చిందని, అయితే వెనుక వరుసలో బేస్ డ్రమ్ సరిగా అందలేదని చెప్పారు. మూడు మాటలూ నాకు నిజమనిపించాయి. బేస్ గిటారిస్టు అన్నట్టు విద్యార్థులలో చాలామందికి కిట్‌లో తేడా తెలిసి ఉండకపోవచ్చు. నేను తక్కువ బలంతో వాయించడం వల్ల గాయకుడు అరవకుండా పాడగలిగాడు, గిటారిస్టు తన యాంప్‌ను తగ్గించుకున్నాడు, ఆ తేడా వారికి పాటలోనే చేరి ఉంటుంది. పాత కంపెనీ పేరు, పాత రంగు, పాత చెక్క కోసం లక్షలు పెట్టమని నేను ఎవరికీ చెప్పను. ముక్కల సంఖ్య, స్కిన్లు, శ్రుతి, దుప్పటి లేని బేస్ డ్రమ్, ఈ నాలుగూ మార్చకుండా అరవైల పాటలు వాయించడానికి మాత్రం ఇకమీదట నాకు మనసొప్పదు. పెద్ద మైదానంలో, ఆరుబయట వాయించవలసి వస్తే బేస్ డ్రమ్ విషయంలో రాజీపడి రంధ్రమున్న స్కినే వేసుకుంటాను.

ఇప్పుడు టామ్‌ల మీద పూత స్కిన్లు అలాగే ఉన్నాయి, సినిమా పాటలకూ అవి బాగానే పనికొస్తున్నాయి. రంధ్రమున్న ముందు స్కిన్, దుప్పటి ఒక సంచిలో వేసి ఉంచాను, రిసెప్షన్లు ఉన్నప్పుడు వాటిని తిరిగి బిగిస్తాను. పెద్దాయన వచ్చే కార్యక్రమంలో లెడ్ జెప్లిన్ కూడా ఉండాలంటున్నారు. చెన్నై నుంచి 26 అంగుళాల బేస్ డ్రమ్ అద్దెకు తేవడానికి, దానితోపాటు వ్యాన్ ఖర్చుకు డబ్బు ఇస్తేనే వాయిస్తానని చెప్పాను. ఆయన దగ్గర నుంచి ఇంకా జవాబు రాలేదు.